గళ్ళు కొట్టి పంపుతున్నాను, నాన్నా

ప్లిమత్, ఇంగ్లండ్
ఆదివారం రాత్రి

నాన్నా,

మొన్న ఫోన్‌లో బడి గోడ సంగతి చెప్పావు. మన వీధి చివరి బడివాళ్ళు ప్రహరీ గోడ మీద సముద్రం బొమ్మ వేయమన్నారని, నీలం కొట్టి నాలుగు చేపలూ ఒక డాల్ఫినూ వేస్తే సరిపోతుంది కదా అని అన్నావు. నేను "ఒక్క వారం ఆగు నాన్నా" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇటు నాకు బస్సు టైమైంది, అటు అమ్మ పిలుస్తోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ కవర్‌తోపాటు ఒక గొట్టం కూడా వస్తుంది. అందులో బొమ్మలున్నాయి. ముందు ఉత్తరం చదివి తర్వాత గొట్టం విప్పు.

సైంటిస్టుల మధ్య బొమ్మలు వేసే మనిషికి ఏం పని అని నువ్వు చాలాసార్లు అడిగావు. అమీర్‌పేట్ పెద్దనాన్న కూడా అడిగాడు. ఆ జవాబూ ఇందులోనే చెప్తాను.

ఈ ఊళ్ళో నడిచే ఒక సర్వే గురించి ముందు చెప్పాలి. 1931లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. సరుకుల ఓడలు, ప్రయాణికుల ఫెర్రీలు వాటి దారిన అవి పోతుంటే, వెనక తాడుకి కట్టిన ఒక లోహపు పెట్టె నీళ్ళలో ఈదుతూ వస్తుంది. దాని పేరు కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్. ముందున్న చిన్న రంధ్రంలోంచి సముద్రపు నీళ్ళు లోపలికొస్తాయి. లోపల పట్టుగుడ్డ చుట్ట ఉంటుంది. నీటి వేగానికి తోక దగ్గరి ఫ్యాన్ తిరిగి, ఆ గుడ్డని కొంచెం కొంచెంగా లాగుతుంది. నీళ్ళు గుడ్డలోంచి వడకట్టుకుపోతాయి, కంటికి ఆనని జీవులన్నీ గుడ్డ మీద మిగిలిపోతాయి. వాటి మీద ఇంకో పట్టుగుడ్డ కప్పుకుంటుంది. అమ్మకి చెప్పు, ఇది నిజంగా పట్టే. ఓడ పది నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 18 కిలోమీటర్లు వెళ్ళేసరికి ఒక ముక్క తయారవుతుంది.

ఈ చుట్ట ల్యాబ్‌కి వచ్చాక మొట్టమొదట ఏం చేస్తారో తెలుసా? బల్ల మీద పరిచి రంగు చూస్తారు. మెషీన్‌తో కాదు, కంటితో. పచ్చదనం లేదు, చాలా లేత పచ్చ, లేత పచ్చ, పచ్చ. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి రాసుకుంటారు. మైక్రోస్కోప్ పని ఆ తర్వాతే. సముద్రంలో తేలే సన్నటి మొక్కలు ఎన్ని ఉంటే గుడ్డ అంత పచ్చగా ఉంటుంది. దశాబ్దాల తరబడి సముద్రం ఎలా మారిందో చెప్పే లెక్కల్లో ఈ కంటిచూపు లెక్క ఒకటి. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. డబ్బాలో రంగు కలుపుతూ, పుల్లతో తీసి పాత రేకు ముక్క మీద ఒక గీత గీసి, "ఇంకొక చుక్క పసుపు పడాలి" అనేవాడివి. ఆ పెట్టె కనిపెట్టిన అలిస్టర్ హార్డీ కూడా బొమ్మలేసేవాడే. ఓడలో తిరుగుతూ చూసిన జీవుల్ని నీటిరంగుల్లో వేసేవాడు.

నా పని ఆ తర్వాతి మెట్టులో ఉంటుంది. గుడ్డ మీద దొరికే వాటిలో కోపీపాడ్ అనే జీవులు ఎక్కువ. బియ్యపు గింజలో సగం ఉంటాయేమో, రొయ్యకి దూరపు చుట్టాలు. ఇక్కడి సముద్రంలో వీటిలో రెండు జాతులు ముఖ్యం. కలానస్ ఫిన్‌మార్కికస్ చల్లటి నీళ్ళది, కలానస్ హెల్గోలాండికస్ కొంచెం వెచ్చటి నీళ్ళది. రెండూ ఒకేలా ఉంటాయి, డబుల్ యాక్షన్ సినిమాలో అన్నదమ్ముల్లా. తేడా ఎక్కడంటే అయిదో జత కాళ్ళ లోపలి అంచులో. ఒకదానికి ఆ అంచు తిన్నగా ఉంటుంది, రెండోదానికి వంపు తిరుగుతుంది. అంతే. ఫోటో తీస్తే మైక్రోస్కోప్‌లో ఒక పొర మాత్రమే స్పష్టంగా వస్తుంది, పైదీ కిందదీ మసకేస్తాయి. పైగా ఫోటోలో అన్నీ ఉంటాయి, వెంట్రుకలు, మురికి, నీడలు. కొత్తగా చేరిన పిల్లలకి ఆ వంపు కనిపించదు. నేను ఫోకస్ మార్చుకుంటూ పొర తర్వాత పొర చూసి, అన్నీ కలిపి ఒకే బొమ్మగా గీస్తాను. అనవసరమైనవి వదిలేసి ఆ అంచుని నిలబెడతాను.

నువ్వు హోర్డింగ్ వేసేటప్పుడు హీరో చొక్కా బొత్తాల జోలికి వెళ్ళేవాడివి కాదు. బస్సులో పోయేవాడికి కళ్ళు కనపడితే చాలు అనేవాడివి. అదే పని ఇది.

ఇంత చిన్న వంపు గురించి ఎందుకింత పట్టింపు అంటావేమో. ఈ పట్టు ముక్కల లెక్కల్లోంచే తేలిన సంగతి వినాలి. అట్లాంటిక్‌లో ఐరోపా వైపు, వెచ్చటి నీళ్ళ కోపీపాడ్‌లు 40 ఏళ్ళలో ఉత్తరానికి దాదాపు 10 డిగ్రీల అక్షాంశం జరిగాయి. 2002లో ఈ పరిశోధన అచ్చయింది. పది డిగ్రీలంటే మనకి అర్థమయ్యేట్టు చెప్తాను, హైదరాబాద్ నుంచి నేరుగా ఉత్తరానికి పోతే ఆగ్రా దాకా. చల్లటి జాతిని తిని పెరిగే కాడ్ చేప పిల్లలకి తిండి తగ్గింది. ఇదంతా ఎవరో ఒకరు కాలి వంపు సరిగ్గా గుర్తుపట్టబట్టే తెలిసింది.

ముందు సైన్స్ అయిపోయాక దానికి రంగులద్దడమే నా ఉద్యోగమని నేనూ అనుకునేదాన్ని. కాదు నాన్నా. గీస్తేనే కనిపించేవి కొన్ని ఉంటాయి. మేరీ థార్ప్ అని అమెరికాలో ఒకావిడ ఉండేది. 1950ల మొదట్లో పరిశోధన ఓడల్లోకి ఆడవాళ్ళని ఎక్కనిచ్చేవారు కాదు. మగవాళ్ళు వెళ్ళి సముద్రపు లోతుల అంకెలు తెచ్చేవారు, ఆవిడ ఒడ్డున కూర్చుని వాటిని గీతలుగా మార్చేది. అట్లాంటిక్ నట్టనడుమ పొడవునా పర్వతాల వరుస ఉందని అప్పటికే తెలుసు. ఆ శిఖరాల మధ్య లోతైన పగులు లోయ ఉందని ఆవిడ గీతల్లో బయటపడింది. భూమి పలకలు విడిపోతున్నాయనడానికి అది గుర్తు. ఆవిడతో పనిచేసే బ్రూస్ హీజెన్ మొదట అవి ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేశాడు. తర్వాత భూకంపాలు వచ్చిన చోట్లని ఇంకో పటంలో చుక్కలుగా పెట్టి చూస్తే, అవి సరిగ్గా ఆ లోయ వెంటే పడ్డాయి. లోతు గీతలున్న పటాలని అమెరికా సైన్యం రహస్యంగా ఉంచింది. అందుకని వీళ్ళిద్దరూ నీళ్ళు తీసేస్తే పైనుంచి ఎలా కనిపిస్తుందో అలా, కొండలూ లోయలూ బొమ్మగా వేశారు. అంకెలకి అడ్డుపడిన నిబంధన బొమ్మకి అడ్డుపడలేదు. ఆ తర్వాత హైన్రిచ్ బెరాన్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు వీళ్ళ లెక్కలతో సముద్రాలన్నిటికీ రంగులేశాడు. 1967లో వచ్చిన హిందూ మహాసముద్రం పటం నకలు నా గదిలో పెట్టుకున్నాను. మన బంగాళాఖాతం కిందినుంచి దక్షిణానికి, స్కేలు పెట్టి గీసినట్టు ఒక పర్వతాల వరుస ఉంటుంది. రోజూ దాన్ని చూసే పడుకుంటాను.

నా చేతుల్లో జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. పోయిన ఏడాది సందర్శకుల కోసం ఒక పెద్ద పటం చేశాను. తేలే మొక్కలు తక్కువున్న చోట నీలం, ఆపైన పచ్చ, పసుపు, బాగా ఎక్కువున్న చోట ఎరుపు. కంప్యూటర్‌లో వచ్చే ఇంద్రధనుస్సు వరసే వాడాను. చాలా అందంగా ఉందని అందరూ అన్నారు. మొదటి రోజే ఒక పెద్దావిడ ఎర్రటి చోటు చూపించి, "ఇక్కడ సముద్రానికి జబ్బు చేసిందా?" అని అడిగింది. జీవం బాగా ఉన్న చోటుని నేను ప్రమాదంలా చూపించాను. ఇంకో పిల్లవాడికి ఎరుపూ పచ్చా ఒకేలా కనిపిస్తాయట. వాడికి నా పటంలో సగం అర్థం కాలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎరుపు ముందుకొస్తుంది, నీలం వెనక్కిపోతుంది, ఎక్కడ పెడుతున్నావో చూసుకో అని నువ్వు చిన్నప్పుడే చెప్పావు. కళ్ళు చికిలించి చూడమన్నావు, రంగులు పోయి వెలుగూ చీకటీ మిగలాలని. పటం ముందు నిలబడి కళ్ళు చికిలించాను. లేతా ముదురూ వరసే లేదు, అంతా గందరగోళం. మొత్తం తీసేసి, ఒక్క ఆకుపచ్చతోనే, లేత నుంచి ముదురుకి మళ్ళీ వేశాను. ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చి, ముదురు చోట వేలుపెట్టి "ఇక్కడ ఎక్కువ" అన్నాడు.

సముద్రం లేని ఊరి పిల్లలకి ఇవన్నీ ఎందుకని బడివాళ్ళు అడగొచ్చు. మన ప్రగతినగర్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది కదా, 1999లో పెట్టిన సముద్ర సమాచార సంస్థ. తీరం దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు అక్కడినుంచే వెళ్తాయి. ఉపగ్రహం పైనుంచి సముద్రం ఎంత వెచ్చగా, ఎంత పచ్చగా ఉందో చూస్తుంది. దాన్నిబట్టి చేపలు ఎటువైపు, ఎంత దూరంలో దొరకొచ్చో లెక్కగట్టి, మత్స్యకారులకి తెలుగులో కూడా చెప్తారు. పట్టుగుడ్డ మీద మనిషి చూసే పచ్చదనమే అక్కడ ఉపగ్రహం చూస్తుంది. ముషీరాబాద్ మార్కెట్‌లో అమ్మ బేరమాడే చేపలో ఆ పచ్చదనం ఉంది. మొత్తం భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలో తేలే ఈ కంటికి కనపడనివే చేస్తాయి. పిల్లలు గోడ మీద డాల్ఫిన్‌కి ముందు వీటిని చూడాలని నా కోరిక.

ఇంకొకటి. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. అక్కడ దొరికిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. కంప్యూటర్‌లో దొరికితే చూశాను. చేపల పేర్లు మన జాలర్లు చెప్పినవే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన పులస ఆయన చెవికి పలాసా అని వినిపించింది. ఫ్రాన్స్‌లో క్యువియే అనే శాస్త్రవేత్త 1829లో దాన్నే పట్టుకుని క్లూపియా పలాసా అని శాస్త్రీయ నామం పెట్టాడు. అదే చేపకి 1822లోనే ఇలిషా అన్న పేరు పెట్టి ఉండటంతో అది నిలవలేదు. కానీ జెల్లో అన్న ఇంకో చేప పేరు స్ఫైరీనా జెల్లోగా ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారుడే. పొలుసులు, రెక్కల ముళ్ళు లెక్కపెట్టుకునేంత శ్రద్ధగా వేశాడు. పుస్తకం మొదటి పేజీలో రస్సెల్ పేరుంది, అతని పేరు లేదు. క్రాస్ రోడ్స్‌లో నువ్వు వేసిన హోర్డింగుల మూల ఓనరు పేరు ఉండేది. అది చదివి నీ పేరెందుకు లేదని నేను ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ బొమ్మలు చూసినప్పుడు మళ్ళీ అలాగే అనిపించింది.

ఇక గొట్టం విప్పు. ఆరు కాగితాలున్నాయి, అన్నిటికీ పెన్సిల్‌తో గళ్ళు కొట్టాను. కాగితం మీద అంగుళం గోడ మీద అడుగు. సుద్ద దారం నువ్వే కొట్టు, తమ్ముడికి ఇస్తే వంకర పోతుంది. పైన రెండడుగుల పట్టీకి నాలుగు ఆకుపచ్చలు, డబ్బా మూత మీద వేసి చూసుకోవడానికి శాంపిల్ ముక్కలు పెట్టాను. మధ్యలో కోపీపాడ్, ఆరడుగులు. మీసాలు ఒంటి పొడవుండాలి, తగ్గించకు. దాని పక్కన పులస. అడుగున రొయ్యని మాత్రం మంచి ఎరుపుతో వేయొద్దు. ఎర్రటి వెలుగు నీళ్ళలో అన్నిటికంటే ముందే ఆగిపోతుంది, అంత లోతులో ఎర్రటి రొయ్య నల్లగానే ఉంటుంది. నలుపులో కొద్దిగా మెరూన్ కలుపు చాలు. దగ్గరికొచ్చి చూసిన పిల్లలకే తెలుస్తుంది. ఎడమ మూల ముత్యపుచిప్ప పెట్టాను. పత్తర్‌గట్టి ముత్యాలు చూడని పిల్లలు మన దగ్గర ఉండరు కాబట్టి.

ఆరో కాగితంలో కింద కుడివైపు ఒక గడి ఖాళీగా వదిలాను. అది నీ పేరుకి. బడివాళ్ళు వాళ్ళ పేరు పైన రాసుకోనీ, ఆ గడి మాత్రం ఇవ్వొద్దు.

నిచ్చెన ఎక్కేటప్పుడు తమ్ముణ్ణి కింద పట్టుకోమను. మోకాలి నొప్పి తగ్గిందని నువ్వంటున్నావు, అమ్మ వేరేగా చెప్తోంది. రంగు మొదలుపెట్టకముందు, మధ్యాహ్నం ఎండలో గోడ ఫోటో ఒకటి తీసి పంపించండి. ఆ ఎండకి నా లేత పచ్చ వెలవెలబోతుందేమో చూడాలి.

నీ
పెద్దమ్మాయి