ముంబై వెళ్ళే లోపు

రాజమండ్రి,
జులై 2025

చి॥ చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం నీ నోటితో వినాలని ఉంది. ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ రాదు. అందుకని పక్కింటి కుర్రాడి చేత స్కాన్ చేయించి ఈ ఉత్తరం పంపిస్తున్నాను. నా కోడలు శ్రావణికి చూపించలేదు.

మీ నాన్నకి రెండో కంటికి కూడా శుక్లం తీశారు. చుక్కల మందు వేళకి నేనే వేస్తున్నాను. వద్దంటే వినకుండా పేపరు పట్టుకుంటున్నారు. గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. ఆవకాయ ఈసారి శ్రావణే కలిపింది, ఉప్పు సరిగ్గా కుదిరింది. నీ వాటా వేరే జాడీలో పెట్టించాను, తను వచ్చేటప్పుడు తెస్తుంది.

తను వచ్చేటప్పుడు అన్నాను గనక చెబుతున్నాను. ఆగస్టు నెలాఖరుకి ముంబైలో అమెరికా కాన్సులేట్ వాళ్ళు తన వీసా ఇంటర్వ్యూకి తేదీ ఇచ్చారని నీకు తెలుసు. పీసీసీ, అదే పోలీసుల దగ్గర కేసులేవీ లేవనే సర్టిఫికెట్, తెచ్చుకుంది. మెడికల్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంది. మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్ళి ఫోటోలు, నువ్వు వచ్చి వెళ్ళిన టికెట్లు అన్నీ విడివిడి కవర్లలో సర్దింది. మిగిలిందల్లా నీ కాగితం. ఐ-864, తన పోషణకి నువ్వు పూచీ అని రాసిచ్చే ఫారం.

సత్యం మామయ్య వాళ్ళ కిట్టు మొన్న మీ పిన్నితో మాట్లాడుతూ, నువ్వు ఏప్రిల్‌లోనే ఆ కంపెనీ వదిలేశావని, ఇప్పుడేదో కాంట్రాక్టు మీద చేస్తున్నావని అన్నాట్ట. పిన్ని నాకు చెప్పింది. నిజమో కాదో నేనడగను. మారితే మారావు, ఉద్యోగాలన్నాక మారతాయి. వేళకి తింటున్నావా? సాంబారు పొడి అయిపోయిందని ఉగాదికి అన్నావు, తర్వాత ఎవరితోనైనా తెప్పించుకున్నావో లేదో.

శ్రావణీ నేనూ రాత్రిళ్ళు కూర్చుని ఆ ఫారం సూచనలన్నీ చదివాం. సబ్ ట్రెజరీలో అన్నేళ్ళు బిల్లులు చూసినదాన్ని, నాకు కాగితం అర్థమవుతుంది. ఫిబ్రవరిలో నువ్వు ఫారం అప్‌లోడ్ చేసినప్పుడు 2023 టాక్స్ రిటర్న్ పెట్టావు, 2024ది అప్పటికి వేయలేదు కాబట్టి. ఏప్రిల్ 15 దాటింది. ఇప్పుడు 2024 రిటర్న్ చూపించాలి. మీ టాక్స్ ఆఫీసు ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో రిటర్న్ వివరాల ట్రాన్స్‌క్రిప్ట్ ఉచితంగానే వస్తుందట, అది తీసి, కంపెనీ ఇచ్చే జీతం లెక్క డబ్ల్యూ-2తో కలిపి పంపు. ఫారంలో కంపెనీ పేరు, ప్రస్తుత ఆదాయం, అడ్రసు, వీటిలో ఏది మారినా కొత్త ఫారం నింపి, సంతకం చేసి, ఇంటర్వ్యూకి తనతో పట్టుకెళ్ళేలా పంపాలి. అప్పుడు పెట్టిన ఉద్యోగం లెటరు మీద పాత కంపెనీ పేరుంటే, అది అప్పటికి నిజమే అయినా ఇప్పటికి అబద్ధమవుతుంది.

మన వీధి మాస్టారి రెండో అమ్మాయి సంగతి నీకు చెప్పానా? చెప్పినా మళ్ళీ విను. నీ పెళ్ళిలో సన్నాయి మేళం వాళ్ళకి కాఫీలు అందించింది, ఆ పిల్లే. వాళ్ళాయన డల్లాస్‌లో. నిరుడు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో తండ్రీకూతుళ్ళిద్దరూ ముంబై వెళ్ళారు. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, పైగా దారంతా వాన. కుర్లాలో ఎవరో బంధువులింట దిగి, పొద్దున్నే బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో కాన్సులేట్ దగ్గర వరసలో నిలబడ్డారు. మాస్టారిని లోపలికి రానివ్వలేదు, ఎదురుగా చెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడిపోయాడు పాపం. లోపల కిటికీ దగ్గర ఆ అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చేసింది. అన్నీ సవ్యంగా నడిచాయి. చివర్లో ఆఫీసరు, మీ ఆయన ఇప్పటికీ అదే కంపెనీలో ఉన్నారా అని అడిగితే, ఈ పిల్ల ఉన్నది ఉన్నట్టు, లేదండీ, సంక్రాంతికే మానేశారు అంది. ఎక్కడ చేస్తున్నారు? ఈ పిల్లకి తెలియదు. ఆయన చెప్పలేదు. బెంగ పడుతుందని చెప్పలేదట! 221(జి), అంటే కాగితాలు చాలక వీసా ప్రస్తుతానికి ఆపామని రాసున్న కాగితం చేతికిచ్చి, కొత్త ఐ-864, ఇప్పటి ఆదాయానికి రుజువు, సరిపోకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే ఆయనతోపాటు పూచీ పడే ఇంకొకరి కాగితాలు పంపమన్నారు. అవి పంపడానికి ఏడాది గడువుంటుంది, నిజమే. కానీ ఆయన జాయింట్ స్పాన్సర్‌ని వెతుక్కునేసరికి మెడికల్‌కున్న ఆర్నెల్ల గడువు దాటిపోయింది, అదీ మళ్ళీ చేయించుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో మాత్రం వీసా రిజెక్టయిందని పాకిపోయింది. ఆ పిల్ల గుడికి రావడం కూడా మానేసింది. వీసా తర్వాత వచ్చిందనుకో. కానీ "వీసా ఆగిందని ఏడవలేదు పిన్నీ, మా ఆయన ఎక్కడ పనిచేస్తున్నారో నాకు తెలియదని నా నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది" అని మన అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను నాన్నా. శ్రావణి అబద్ధం చెప్పదు. చెప్పమని నువ్వూ అనకూడదు, నేనూ అనను. మరి తన దగ్గర నిజం ఉండాలి కదా?

ఆదాయం తగ్గిందని చెప్పడానికి సంకోచిస్తున్నావేమో, అది అంత పెద్ద లెక్క కాదు. మీరిద్దరే కాబట్టి ఈ ఏడాది లెక్కలో పేదరికపు రేఖ 21,150 డాలర్లు. దానికి 125 శాతం, అంటే 26,437 చూపిస్తే చాలు. కాంట్రాక్టు మీదైతే 1099 పని అంటారట గదా, దానికి కంపెనీ లెటరు రాదు. కాంట్రాక్టు కాగితం, నువ్వు పంపిన ఇన్‌వాయిసులు, డబ్బు పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టు. తక్కువ పడితే పొదుపు చూపించొచ్చు. నువ్వు అక్కడి పౌరుడివి, ఆవిడ నీ భార్య, కాబట్టి తగ్గినదానికి మూడు రెట్లు ఆస్తి ఉంటే సరిపోతుంది. ఈ మాట వినగానే మీ నాన్న, కడియం పొలం అమ్మేద్దామా అన్నారు. ఆయన పేరు మీదున్న పొలం ఆ లెక్కలోకి రాదని చెప్పి కూర్చోబెట్టాను. కంటికి కట్టు విప్పి వారం కాలేదు, పొలం అమ్ముతారట.

అదీ కుదరకపోతే సత్యం మామయ్యని అడుగు. వాళ్ళు నలుగురు, శ్రావణితో ఐదుగురి లెక్క, 47,062 డాలర్లు దాటాలి. ఆయన టాక్స్ కాగితాలు, పౌరసత్వం రుజువు, ఆయన పేరున విడిగా ఇంకో ఐ-864 కావాలి. నీది మాత్రం ఎలాగూ ఉండాల్సిందే. అయితే ఊరికే సంతకం పెట్టమని అడక్కు. శ్రావణి పౌరసత్వం తీసుకునేదాకానో, నలభై క్వార్టర్ల పని, అంటే ఇంచుమించు పదేళ్ళది, లెక్కకి వచ్చేదాకానో ఆ బాధ్యత ఆయన నెత్తిన ఉంటుంది. పెద్దాయన, ఎదురుగా కూర్చుని అన్నీ వివరంగా చెప్పి అడగాలి. అత్తయ్యని కూడా కూర్చోబెట్టుకో, లేకపోతే తర్వాత ఆవిడ నన్నంటుంది.

ఇంకొకటి. మీ పెళ్ళి 2023 నిజ శ్రావణంలో అయింది. రెండేళ్ళు నిండాక అక్కడ అడుగుపెడితే పదేళ్ళ గ్రీన్ కార్డు ఇస్తారట, ముందే వెళితే రెండేళ్ళదే. వీసా రాగానే తొందరపడి టికెట్ కొనకు, తేదీ చూసి కొను. తన చీరలు అప్పుడే పెట్టెలో సర్దేస్తోంది, నేనే తీయిస్తున్నాను, మడతల దగ్గర చిరుగుతాయని.

మొన్న రాత్రి తను మేడ మీద ఫోన్లో నీతో మాట్లాడి కిందకొచ్చి, "ఆయన గొంతు అదోలా ఉంది అత్తయ్యా" అంది. నేను జలుబేమోలే అన్నాను. జలుబే అయితే మిరియాల పాలు తాగు. కాకపోతే, ఉద్యోగం పోయిందని ఈ ఇంట్లో ఎవరూ నిన్ను తక్కువగా చూడరు. మీ నాన్న 1994లో జీతం లేకుండా ఇంట్లో ఉన్నప్పుడు మనం ఎలా ఉన్నామో నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన మాత్రం ఒక్కరోజు కూడా ఆ సంగతి నా దగ్గర దాచలేదు.

ఈ ఉత్తరం అందగానే ముందు శ్రావణికి ఫోన్ చెయ్యి. కంపెనీ పేరు, చేరిన తేదీ, జీతం, అన్నీ తనకి చెప్పు, రాసుకుంటుంది. ఫారం కింద మూల ఎడిషన్ తేదీ కొత్తదో కాదో చూసి నింపు, పాతది వాడకు. పంపే ముందు సంతకం ఉందో లేదో కూడా చూడు. నాకు తర్వాత ఆదివారం చేసినా ఫరవాలేదు.

రాత్రిపూట లాప్‌టాప్ ముందు అన్నం తినకు.

అమ్మ