సర్టిఫికెట్ పచ్చగానే ఉంది, గోడే బీటలు వారుతోంది: నైపుణ్య శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ శాఖకు ఇచ్చిన వినతిపత్రాల మీద 'అందినది' అని ముద్ర అయితే పడింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. హరిత నిర్మాణ ఉపాధి శిక్షణ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, రిబ్బను కత్తిరించింది మీరే. తెర మీద బొమ్మలు చూపిస్తే తాపీ పని రాదు. మా గోడంతా అదే.

ఇటుకకు బదులు వాడే తేలికపాటి కాంక్రీటు దిమ్మ, ఏఏసీ బ్లాకు సంగతే చూడండి. బరువు అదే సైజు ఎర్ర ఇటుకలో సుమారు మూడో వంతు, లోపలి గాలి బుడగల వల్ల ఎండ వేడి త్వరగా లోపలికి దిగదు అని మీ పిల్లలు గడగడా అప్పజెబుతారు. బాగుంది. చేతికి తాపీ ఇస్తే మాత్రం ఇటుకకు వేసినట్టే 12 మి.మీ. మందాన సిమెంటు మాలు పరుస్తారు. బ్లాకు ఆ మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడటానికి తడి చాలదు, జాయింటు పొడిపొడిగా మిగులుతుంది. వేయాల్సింది బ్లాకుల కోసమే వచ్చే పాలిమర్ మోర్టారు (జిగురు లాంటి మాలు), అంచుకు రంపపు పళ్లలాంటివి ఉన్న తాపీతో, 3 మి.మీ. మందాన. మామూలు మాలు అడుగు వరసకే, అదీ నేల ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి. ఆ వరస లెవల్ తప్పిందా, పల్చటి జాయింటు దాన్ని సర్దలేదు, వంకర పై వరస దాకా ఎక్కుతుంది. ఈ ఒక్క వరస చేతికి రావాలంటే కట్టాలి, కూలగొట్టాలి, మళ్లీ కట్టాలి. మీ కేంద్రాల్లో కూలగొట్టడానికి గోడ ఏదండీ?

ఇంకా వినండి. బ్లాకును ఇటుకలా తొట్టిలో నానబెడుతున్నారు. దుమ్ము దులిపి పైపైన తడిపితే చాలు. నానిన బ్లాకు గోడలో ఆరుతూ కుంచించుకుపోతే ప్లాస్టరింగ్ మీద గీతలు లేస్తాయి. గోడను బీముకు బిగించి కట్టేస్తున్నారు. బీము కాస్త వంగగానే బరువు గోడ మీద పడుతుంది. అక్కడ సందు వదిలి, పై అంతస్తుల పని అయ్యాక సాగే గుణమున్న పదార్థంతో నింపాలి. కాలమ్, బ్లాకు కలిసేచోట ఫైబర్ మెష్ (పీచు వల) వేయకపోతే నిలువు చీలిక ఖాయం. కరెంటు పైపులకు గాడి కోసే మిషను వాడాలి, సుత్తి, ఉలి పెడితే బ్లాకు లోపల చితుకుతుంది. చివరికి ఇంటివాళ్లు ఏమంటున్నారో తెలుసా? "ఈ బ్లాకులు పనికిరావు, ఇటుకే నయం" అని. ఆ మాటతో మీ సర్టిఫికెట్ ఉన్న కుర్రాడి పనీ పోతోంది.

సోలారు ప్యానెళ్లదీ ఇదే తంతు. తీగలను కలిపే కనెక్టర్లు, వేర్వేరు తయారీదారులవైనా, ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయి కదా అని దూర్చేస్తున్నారు. లోపల పిన్నుకు పట్టు చాలక వేడెక్కుతాయి. డీసీ కరెంటు ఏసీలా క్షణక్షణానికీ సున్నాకు రాదు కాబట్టి ఆర్కు (సందులో ఎగిసే కరెంటు మంట) మొదలైతే ఓ పట్టాన ఆరదు. తీగకు పిన్ను నొక్కి బిగించే క్రింపింగ్ టూలు ముట్టుకోకుండానే పరీక్ష పాసైనవాళ్లు పైకప్పు ఎక్కుతున్నారు, స్వామీ!

నీళ్లింకే కాంక్రీటు గురించి చెప్పుకుంటే సిగ్గుచేటు. అందులో ఇసుక దాదాపు ఉండదు, 15 నుంచి 25 శాతం ఖాళీలు ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, రాలిపోకూడదు, చేతికి సిమెంటు పాలు కారకూడదు. పొడిగా ఉందనిపించి ఓ బకెట్ నీళ్లు పోస్తే ఆ పాలు కిందికి జారి అడుగున మూసేస్తాయి. ఇక నీళ్లెక్కడ ఇంకుతాయి? పోసిన 20 నిమిషాల్లోపు పాలిథిన్ కప్పి, కనీసం 7 రోజులు తీయకూడదు. ఇదంతా అరపూట ప్రాక్టికల్. దానికీ నిధులు లేవట, బ్యానర్లకు మాత్రం ఉన్నాయి.

పైగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే ఈ పనులు చేయించాలని మీ టెండర్లలో ఒక్క ముక్క లేదు. అలాంటప్పుడు కాంట్రాక్టరు వాళ్లకు రెండు రూకలు ఎక్కువెందుకిస్తాడు?

దయచేసి ప్రతి కేంద్రానికీ బ్లాకులు, మోర్టారు, పనిముట్లు ఇప్పించండి. సైటులో చేసినవాళ్లను పెట్టి నేర్పించండి. పరీక్ష కాగితం మీద కాదు, గోడ మీద పెట్టించండి. టెండర్లో ఆ ఒక్క ముక్క రాయించండి. వచ్చే బ్యాచికైనా చేయండి సార్. ఈసారి కేంద్రానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకునే ముందు పిల్లల చేత అడుగు వరస కట్టించి, దాని మీద లెవల్ పెట్టి చూడండి.

ఇట్లు,
హరిత నిర్మాణ పనుల్లో ఉన్న సైటు ఇంజనీర్లు, మేస్త్రీలు