పిప్పి పన్నుకు మాత్రలతో సరిపెట్టుకోవద్దు

సంపాదకులకు,

పన్ను సలపగానే మందుల షాపులో అడిగి నాలుగు రోజులు యాంటీబయాటిక్ మింగడం, నొప్పి ఆగగానే సంగతి మరచిపోవడం చాలామందికి అలవాటు. చచ్చిపోయిన పంటి లోపలికి ఆ మందు వెళ్లదు. ఎందుకు వెళ్లదో, అప్పుడు ఒళ్లు తనను తాను ఎలా కాపాడుకుంటుందో పాఠకులకు తెలిస్తే మంచిది.

పంటి మధ్యనుండే మెత్తని గుజ్జుకు రక్తం ముఖ్యంగా వేరు కొసలోని రంధ్రం గుండా అందుతుంది. పెద్దవాళ్లలో దాని వెడల్పు సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. పిప్పి లోతుకు దిగి క్రిములు గుజ్జును చేరితే అది వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు, సాగడానికి చోటు లేదు. జివ్వుమని లాగడం, పడుకుంటే సలుపు ఎక్కువ కావడం ఈ దశలోనే. ఆ తర్వాత గుజ్జు చచ్చి, నొప్పి దానంతటదే ఆగుతుంది. పన్ను బాగైందని పొరబడేది సరిగ్గా అప్పుడే. రక్తం పారని ఆ గొట్టంలోకి ఇక తెల్లరక్తకణాలూ రావు, మాత్రలోని మందూ తగినంత చేరదు.

కాబట్టి ఒళ్లు వేరు కొస బయట కాపు కాస్తుంది. ముందుగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వస్తాయి. క్రిములను మింగి అవీ చస్తాయి. ఆ మిగులంతా చీము. వెనకే మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు అనే ఇతర రక్షణ కణాలు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు చేరతాయి. ఇవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ వంటి రసాయనాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను పెంచుతాయి. దాంతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు పనిలోకి దిగుతాయి. ఎక్స్‌రేలో వేరు కొసన కనిపించే నల్లమచ్చ ఆ కరిగిన చోటే. ఎముకను క్రిములు తినేశాయంటారు గానీ, కరిగించేది మన కణాలే. ఎముక ఖాళీ చేసిన చోట రక్షణ కణాలతో నిండిన గ్రాన్యులోమా అనే కండ పెరిగి, క్రిములు ఎముకలోకి పాకకుండా అడ్డుకుంటుంది. బయటికి వచ్చినవాటిని అది చంపగలదు, లోపలున్నవాటి జోలికి పోలేదు. అందుకే ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే మచ్చ ఉండిపోవచ్చు. ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతేగాని మామూలు ఎక్స్‌రేలో మచ్చ తేలదంటారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

దీనికంతటికీ మూలం క్రిములేనని 1965లో కకేహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ ఎలుకల మీద తేల్చారు. పళ్లకు రంధ్రం చేసి గుజ్జును నోటికి తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లి వేరు కొసన గడ్డలు కట్టాయి. క్రిములు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం తిండి ఇరుక్కున్నా గుజ్జు బతికి, గాయం మీద కొత్త డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) కట్టుకుంది.

కొందరికి చిగురు మీద చిన్న పొక్కు లేచి, చితికి, మళ్లీ లేస్తుంటుంది. చీము దారి చేసుకుంది కనుక ఒత్తిడి లేదు, నొప్పీ లేదు. ఆ రంధ్రంలోకి గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో చేసిన సన్నని పుల్లను మెల్లగా జొనిపి ఎక్స్‌రే తీస్తే, పుల్ల కొస అసలు వేరు దగ్గర ఆగుతుంది. అది పొక్కు కింది పన్నే కావాలని లేదు, ఒక్కోసారి పక్కది.

రూట్ కెనాల్ చికిత్స చేసే పని పంటి వేరులోని ఆ గొట్టాన్ని శుభ్రం చేసి మూయడం. పంటికి రబ్బర్ డ్యామ్, అంటే ఆ పన్నును నోటి నుంచి వేరుచేసే రబ్బరు పొర, వేయాలి. లేకపోతే ఉమ్మితో కొత్త క్రిములు దిగుతాయి, కాలువను గీకే ఫైలు అనే సన్నని పరికరం గొంతులోకి జారే ప్రమాదమూ ఉంది. వేరు కొసను గుర్తించే అపెక్స్ లొకేటర్ పరికరంతో కాలువ పొడవు కొలిచి, కొసకు 0.5 నుంచి 1 మిల్లీమీటరు ఇవతల ఆగాలి. ఫైలు అన్ని గోడలనూ గీకలేదు, మిగతా పని సూదితో కాలువలోకి పంపే, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణానిది. సూదిని కాలువలో బిగించి గట్టిగా ఒత్తితే ఆ ద్రావణం కొస దాటి భయంకరమైన మంట, వాపు తెస్తుంది. చివర్లో 17 శాతం ఈడీటీఏ అనే ద్రావణంతో, గీకినప్పుడు గోడల మీద అంటిన పొర తీస్తారు. చీము ఆగకపోతే క్రిములను చంపే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి వారమో రెండు వారాలో ఆగి, అప్పుడు నింపుతారు. పైన గట్టి ఫిల్లింగో క్యాపో వేయించుకోకుండా నెలల తరబడి తాత్కాలిక సిమెంటుతో తిరిగితే క్రిములు మళ్లీ దిగుతాయి, చేసిందంతా వృథా. ఏడాదికి మరో ఎక్స్‌రే తీయాలి. ఎముక పూర్తిగా పూడటానికి ఒక్కోసారి నాలుగేళ్లు పడుతుంది.

మరి మాత్రలతో నొప్పి తగ్గుతుంది కదా అంటే, మందు వేరు బయటి కణజాలం దాకా చేరి అక్కడి క్రిములను తగ్గిస్తుంది. లోపలి నుంచి అవి మళ్లీ వస్తాయి. పన్ను సలుపుకు, చీము చేరిన చోటే ఉన్న గడ్డకు యాంటీబయాటిక్ సాధారణంగా అక్కర్లేదు. లోపల శుభ్రం చేయడం, చీము తీయడం, పడినవారికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ చాలు. జ్వరం, నీరసం, చెంపకు పాకే వాపు ఉన్నా, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారైనా యాంటీబయాటిక్ కావాలి, అదీ పంటి చికిత్సతో పాటే. నోరు తెరుచుకోకపోయినా, నాలుక కింద గానీ గడ్డం కింద గానీ గట్టిగా వాచినా, మింగడం, ఊపిరి కష్టమైనా దంత క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

– ఒక దంతవైద్యుడు