పాత పోస్టాఫీసు గోడలకు సిమెంటు వద్దు: తపాలా ఉన్నతాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తపాలా శాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. మా ఊరి పాత హెడ్ పోస్టాఫీసును ఆధునిక కార్యాలయంగా మారుస్తున్న పనులపై మేమిచ్చిన మూడు వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట అడుగుతున్నాం.

మార్పుకు మేం వ్యతిరేకం కాదు. న్యూయార్క్‌లో 1914లో తెరిచిన ఫార్లీ పోస్టాఫీసు భవనంలో నేడు రైల్వే హాలు, కార్యాలయాలు ఉన్నాయి. మా అభ్యంతరమల్లా పని తీరు మీదే.

ఇవి డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు. నేల చెమ్మను, వాన తడిని సున్నం బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే నిలిచి, గోడలో దిగిన టేకు దూలాల కొనలను కుళ్లబెడుతుంది. అలాంటి కొనలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిండిలో దిగినట్టు దిగుతుంది. పైన ఫాల్స్ సీలింగ్ కప్పేశాక ఇక ఎవరికీ కనబడదు, కూలేదాకా.

కేబుళ్ల కోసం గోడల్లో అడ్డంగా గాడులు కొడుతున్నారు. 150 మిల్లీమీటర్ల ఎత్తున రెయిజ్డ్ ఫ్లోర్, అంటే అసలు నేలకు పైన ఖాళీ వదిలి పలకలతో మరో నేల, వేస్తే అన్నీ దాని కిందే నడుస్తాయి. ఫైళ్ల కాంపాక్టర్ల (పట్టాల మీద జరిపే ఇనుప బీరువాల) బరువు పై అంతస్తు మోయలేదు, వాటిని కింద పెట్టించండి.

ఈలోగా కౌంటర్లను లిఫ్టు లేని అద్దె భవనం మేడ మీదికి మార్చారు. పింఛను కోసం వచ్చే ముసలివాళ్లు రెయిలింగు పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కుతున్నారు.

దయచేసి సిమెంటు పనిని వెంటనే ఆపించండి. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరుతో ప్రతి దూలం కొననూ పరీక్ష చేయించి, నివేదికను నోటీసు బోర్డులో పెట్టించండి. కౌంటర్లు పాత భవనం కింది హాల్లోనే ఉంటాయని 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి.

భవదీయులు,
పాత కట్టడాల మరమ్మతు మేస్త్రీలు, ఇంజనీర్లు