పెట్టె కొనే ముందు తిప్పి చూడాల్సినవి

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నూట ఎనిమిది ముక్కల పానాల పెట్టె, లోపల ఎర్ర ఫోమ్, నట్టు మీద తొడిగి తిప్పే అద్దంలా మెరిసే సాకెట్లు, మూత మీద క్రోమ్ వెనేడియం అని పెద్ద పెద్ద అక్షరాలు. "మూడు వేలకే ఇస్తానంటున్నాడు, తైవాన్ సరుకట, తీసేసుకోనా?" అని అడిగావు. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను గానీ రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. మెకానిక్ షెడ్డు పెట్టాలని పదేళ్లుగా అనుకుంటున్నావు. ఇప్పటికి కుదిరింది. మొదటి రోజు నుంచీ నీ చేతిలో మంచి పనిముట్లు ఉండాలని నా ఆశ. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఉత్తరం మొత్తం చదివేదాకా వాడికి అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.

నా కుడిచేతి మధ్యవేలి కణుపు మీద మచ్చ ఉంటుంది చూడు, అది అచ్చం ఇలాంటి పెట్టె వల్లే వచ్చింది. కొన్నాక ఆరు నెలలు బాగానే పనిచేసింది. ఒకరోజు ఆల్టర్నేటర్ బోల్టు విప్పుతున్నాను. బిగుసుకుపోయి ఉంది. ఊపిరి బిగబట్టి లాగుతుంటే రాచెట్, అదే సాకెట్‌ని ఒకవైపే తిప్పి వెనక్కి ఖాళీగా వచ్చే పిడి, లోపల టక్కున జారింది. చెయ్యి పోయి రేడియేటర్ పక్కనున్న రేకుకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. గాయం మానాక ఆ రాచెట్ తల విప్పి చూశాను. లోపలి చక్రానికి మూడు పళ్ల మొనలు ఎగిరిపోయి ఉన్నాయి. పళ్లకు అడ్డం పడి చక్రాన్ని ఆపే చిన్న ఇనప నాలుక అంచు గుండ్రంగా అరిగిపోయింది. పైన క్రోమ్ మాత్రం ఆ రోజుకీ కొత్తదానిలాగే ఉంది. అప్పటి నుంచి నేను మెరుపు చూడటం మానేశాను.

క్రోమ్ వెనేడియం అన్న మాట గురించి ముందు చెప్తాను, ఎందుకంటే షాపువాడు మొదట చూపించేది అదే. ఆ ఉక్కులో క్రోమియం ఒక శాతం అటూ ఇటూ, వెనేడియం అంతకంటే చాలా తక్కువ. మంచి ఉక్కే, కాదనను. కానీ పానాకి బలం ఇచ్చేది ఆ ఉక్కుని ఎలా కాల్చి చల్లార్చారన్నది. మన ఊళ్లో కమ్మరి కొడవలి కాల్చి, రంగు చూసి, నీళ్లలో ముంచేవాడు గుర్తుందా? గట్టితనం ఎక్కువైతే కొడవలి పెళుసై విరిగేది, తక్కువైతే అంచు మడతపడేది. సాకెట్‌ది కూడా అదే కథ. ఒకే ఉక్కుతో ఒకడు పాతికేళ్లు నిలిచే సాకెట్ చేస్తాడు, ఇంకొకడు మొదటి వేసవిలోనే నోరు వెడల్పయ్యే సాకెట్ చేస్తాడు. రెండింటి మీదా అచ్చు ఒకటే ఉంటుంది. ఆ తేడా కంటికి కనపడదు కాబట్టే, కంటికీ చేతికీ అందే మిగతా గుర్తులన్నీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక తైవాన్ సంగతి. ఆ మాటకి విలువ ఉంది. అక్కడ తైచుంగ్ చుట్టుపక్కల చేతి పనిముట్ల కంపెనీలు గుంపుగా ఉన్నాయి. అమెరికాలో పెద్ద పేరున్న బ్రాండ్లు కూడా చాలా సరుకు వాళ్ల చేతే చేయించుకుంటాయి. కింగ్ టోనీ, టాప్‌టుల్ లాంటివి తైవాన్ వాళ్ల సొంత బ్రాండ్లు. రాచెట్ పానాలకి జనంలో పేరు తెచ్చిన గేర్‌రెంచ్ సరుకు కూడా తైవాన్ నుంచీ చైనా నుంచీ వచ్చేదే. చైనా అంటే నాసిరకం అని కొట్టిపారేయకు, ఎంత డబ్బు పెడితే అంత నాణ్యత చేసిచ్చే ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. అయితే మూడు వేలకి నూట ఎనిమిది ముక్కలంటే ముక్కకి ముప్పై రూపాయలు కూడా పడటం లేదు. అందులోనే పెట్టె ఖర్చు, ఓడ ఖర్చు, సుంకం, దిగుమతి చేసినవాడి లాభం, షాపువాడి లాభం అన్నీ పోవాలి. ఉక్కుకీ పనితనానికీ మిగిలేది ఎంతో నువ్వే లెక్కేసుకో.

వాడు తైవాన్ అన్నాడు సరే, పెట్టె తిప్పి లేబుల్ చదివావా? బయటి దేశం నుంచి వచ్చిన ప్యాకెట్ మీద ఏ దేశంలో తయారైందో, ఇక్కడికి తెచ్చినవాళ్ల పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలని మన తూనికలు కొలతల చట్టం నిబంధనలే చెప్తున్నాయి. "జర్మన్ టెక్నాలజీ", "తైవాన్ డిజైన్" అని రాసుంటే అది ఎక్కడ తయారైందో చెప్పినట్టు కాదు. దిగుమతిదారు పేరే లేని పెట్టెలో రేపు సాకెట్ పగిలితే ఎవర్ని అడుగుతావు? నేను ముందు ఆ లేబుల్ చూస్తాను. అది లేకపోతే మూత కూడా తెరవను.

రాచెట్ చేతిలోకి తీసుకున్నాక చెయ్యాల్సినవి చెప్తాను. ఒక నట్టు, బోల్టు జేబులో వేసుకెళ్లు. నట్టుని బోల్టుకి రెండు చుట్లు వదులుగా ఎక్కించి, సాకెట్ పెట్టి తిప్పు. ముందుకు తిప్పినప్పుడు ఎలాగూ తిరుగుతుంది. చూడాల్సింది వెనక్కి వచ్చేటప్పుడు. మంచి రాచెట్ అయితే నట్టు కదలకుండా అక్కడే ఉండి, పిడి ఒక్కటే టకటకమంటూ వెనక్కి వస్తుంది. నాసిరకందైతే లోపల రాపిడి ఎక్కువై నట్టుని కూడా వెనక్కి లాక్కొస్తుంది. షాపులో ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంజిన్ వెనకాల, వేలు కూడా దూరని చోట అరగంట తిప్పినా బోల్టు అంగుళం బయటికి రాకపోతే అప్పుడు ఏడుపొస్తుంది, నాకు వచ్చింది.

పళ్ల లెక్క కూడా తెలుసుకో. మూడొందల అరవైని పళ్లతో భాగిస్తే ఒక్కో టక్కుకి పిడి ఎంత జరగాలో తెలుస్తుంది. 24 పళ్లుంటే 15 డిగ్రీలు, 36 అయితే 10, 72 అయితే 5, 90 అయితే 4. ఇరుకులో పని చేసేవాడికి తక్కువ డిగ్రీలే సుఖం. కానీ అదే సైజు తలలో పళ్లు పెరిగితే ఒక్కో పన్ను సన్నబడుతుంది. దానికి తగ్గట్టు నాలుక వెడల్పుగా ఉండి ఒకేసారి ఎక్కువ పళ్లని పట్టుకోవాలి, కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. అది ఖర్చుతో కూడిన పని. కాబట్టి చవక రాచెట్ మీద 120 అని కనిపిస్తే సంబరపడకు. కొన్నిటిలో ఉండేవి 60 పళ్లే, రెండు నాలుకలు ఒకదాని తర్వాత ఒకటి పడి 120 చోట్ల ఆగుతాయి. అందులో మంచివీ ఉన్నాయి. నీ షెడ్డుకి మాత్రం 72 పళ్లది చాలు.

తల వెనకాల స్క్రూలు గానీ, గాడిలో కూర్చునే సర్‌క్లిప్పు రింగు గానీ ఉన్నాయేమో చూడు. విప్పడానికి వీలుండి, లోపలి చక్రం, నాలుక, స్ప్రింగు కలిపి రిపేర్ కిట్‌గా దొరికితే ఆ రాచెట్ ఖరీదు రెండింతలైనా నేను దాన్నే కొంటాను. ఇప్పుడు నా దగ్గరున్న త్రీ బై ఎయిట్ రాచెట్ (సాకెట్ తగిలించే చదరపు మొన 3/8 అంగుళం ఉండేది) ఏడేళ్ల నుంచి రోజూ తిరుగుతోంది. ఇప్పటికి ఒక్కసారి కిట్ మార్చాను, అంతే. లోపల చిక్కటి గ్రీజు కుక్కకూడదు, నాలుక అతుక్కుపోయి పళ్లలోకి సరిగ్గా పడదు. పలచటి నూనె రెండు చుక్కలు చాలు.

సాకెట్ల దగ్గరికొస్తే నోట్లోకి చూడు. ఆరు మూలలవి తీసుకో. పన్నెండు మూలలవి ఇరుకులో తొందరగా కూర్చుంటాయి గానీ, తుప్పు పట్టిన నట్టు మీద జారి మూలలు గుండ్రం చేసేస్తాయి. మంచి సాకెట్‌లో లోపలి మూలలు కాస్త గుల్లగా చెక్కి ఉంటాయి. బలం నట్టు మూల మీద పడకుండా దాని పక్క ముఖం మీద పడటానికి అలా చేస్తారు. గోడ మందం చుట్టూ సమానంగా ఉందా, ఒకవైపు పలచబడిందా చూడు. పలచబడిన వైపే పగులుతుంది. నోటి అంచు లోపలికి ఎంత లోతుగా ఏటవాలు తీశారో కూడా చూడు. అది ఎక్కువైతే పలచని నట్టు తలని సాకెట్ పట్టుకోలేదు. కొత్త బోల్టుకి తొడిగి ఊపు. కొంచెం కదలడం సహజమే, గలగలమని ఆడితే పక్కన పెట్టెయ్. అంచుల దగ్గర క్రోమ్ మీద గోరు నడిపించు. పొర లేచే సూచన ఉంటే తర్వాత అది బ్లేడులా చెయ్యి కోస్తుంది.

కంప్రెసర్ కొంటున్నానన్నావు కదా, ఇది బాగా గుర్తుపెట్టుకో. మెరిసే క్రోమ్ సాకెట్ ఎప్పుడూ ఇంపాక్ట్ గన్‌కి, అంటే గాలి బలంతో దెబ్బలు కొడుతూ నట్లు విప్పే గన్‌కి, తగిలించకు. ఆ దెబ్బలకి అది పగిలి ముక్కలు కంట్లోకి లేస్తాయి. గన్‌కి నల్లవి, మందపాటి గోడలున్నవి, క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి విడిగా దొరుకుతాయి. 17, 19, 21 మిల్లీమీటర్లవి ఈ మూడూ కొనుక్కుంటే చక్రాల పని చాలావరకు అయిపోతుంది. నీ దగ్గర పనికి చేరే కుర్రాడికి కూడా మొదటి రోజే చెప్పు.

రాచెట్ పానాలు, అంటే రింగ్ వైపు టకటకమని తిరిగేవి, చాలా హాయి. ఒకసారి అలవాటైతే వదల్లేవు. కానీ బిగుసుకున్న బోల్టుని మొదటిసారి కదిలించే పని, చివరిసారి బిగించే పని వాటితో చేయించకు. వాటికి పైపు తొడగనే తొడగకు. 30 సెంటీమీటర్ల పిడి చివర 20 కేజీల బలం పెడితే బోల్టు మీద పడే తిప్పుడు బలం సుమారు 60 న్యూటన్ మీటర్లు. మీటరు పైపు తొడిగి 50 కేజీలు వేలాడితే 490. చిన్న రింగులో దూరిన ఆ సన్నటి పళ్లు అంత బరువుని ఎక్కడ ఆపుతాయి? ఇంకొకటి, తిప్పే దిశ మార్చే మీట ఉన్నవే కొను. మీట లేనివాటి తల సన్నగా ఉంటుంది, నిజమే. కానీ బోల్టు బయటికొస్తూ ఎదురుగా ఉన్న రేకుకి ఆనుకుంటే, పానా మధ్యలో ఇరుక్కుపోతుంది. బయటికి తీయలేవు, దిశ మార్చి మళ్లీ లోపలికీ తిప్పలేవు. నా స్నేహితుడొకడు అలా ఇరుక్కుని రేడియేటర్ మొత్తం దింపాల్సి వచ్చింది.

సైజుల విషయంలో ఆ పెట్టె నీకు అసలు సరిపోదు. అందులో సగం స్క్రూడ్రైవర్ బిట్లు, 4, 4.5, 5 లాంటి చిన్న సాకెట్లు. నీ దగ్గరికొచ్చేవి మారుతీలు, హోండా బైకులు ఎక్కువ. జపాన్ పద్ధతిలో 8 మిల్లీమీటర్ల మరకి తల 12 ఉంటుంది, 10 మరకి 14. యూరప్ పద్ధతి బండ్లలో అవే మరలకి 13, 16 ఉంటాయి. అందుకని 8, 10, 12, 13, 14, 16, 17, 19 చాలు, వాటిలో 10, 12, 14 పొడుగు సాకెట్లు కూడా ఉండాలి. ఇవి, త్రీ బై ఎయిట్ రాచెట్ ఒకటి, బిగుసుకున్నవి కదిలించడానికి రాచెట్ లేని పొడుగు బార్ ఒకటి. రాచెట్ పానాలు 10, 12, 13, 14 విడిగా తీసుకో. నీ మూడు వేలకి ఇవన్నీ రావు, ఇంకా కలపాలి. కానీ ఒకేసారి కొనక్కర్లేదు. మొదటి నెల రాచెట్, ఐదు సాకెట్లు. మిగతావి షెడ్డు సంపాదించి పెడుతుంది.

జర్మనీ వాళ్ల హాజెట్, గెడోర్, స్టాల్‌విల్లె, జపాన్ వాళ్ల కేటీసీ, కోకెన్ చేతిలో పట్టుకుంటే మనసు ఆగదు. నేనూ ఒక కోకెన్ సాకెట్ కొనుక్కున్నాను, రోజూ వాడే 10 సైజుది. ఇప్పుడప్పుడే నీకు అవసరం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, మీ నాన్నగారి రింగ్ పానాలు. ట్రాక్టర్ కింద పడుకుని ముప్పై ఏళ్లు ఆయన వాడినవి, జలంధర్‌లోనో నాసిక్‌లోనో గట్టిగా తయారైనవి. అవి ఇంటి వెనక పశువుల కొట్టంలో గోనెసంచిలో ఉన్నాయని అత్తయ్య మొన్న చెప్పింది. తీసి కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో తుడువు. బిగుసుకున్న నట్టుని మొదట కదిలించేది వాటితోనే. వాటి బదులు దిగుమతి సరుకు కొనాలని మాత్రం అనుకోకు.

నీ ఫోటోలో పెట్టె పూర్తిగా పనికిరాదని నేననను. ఇంట్లో ఒక స్కూటర్ ఉండి, నెలకోసారి ఏదో బిగించుకునేవాడికి బాగానే ఉంటుంది. దాని మీద షెడ్డు నడపలేం.

వచ్చే శనివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో నాకు తెలిసిన షాపులు మూడున్నాయి, రాచెట్ తిప్పి చూస్తామంటే విసుక్కోరు. మధ్యాహ్నానికి పని అయిపోతుంది, ఇంటికొచ్చి భోంచేద్దువు. మీ చెల్లెలు గోంగూర పచ్చడి చేస్తానంది. వచ్చేటప్పుడు 10, 12, 13, 14 తలలున్న కొత్త బోల్టులు, నట్లతో సహా, జేబులో వేసుకురా. అరిగినవి వద్దు.

నీ కోసం చూస్తుంటాను.

ఇట్లు,
నీ బావ