పోయిన విడత ఫ్లాపీల సంగతి, ఉన్నది ఉన్నట్టు

పోయిన విడతలో నా దగ్గర అమిగా 500 అనే పాత ఇంటి కంప్యూటర్‌కి ఖాళీ ఫ్లాపీలు, మెషిన్‌ని మొదలుపెట్టే బూట్ డిస్కులు తీసుకున్నవాళ్లు దయచేసి వాటిని ఇక వాడకండి. వాటిలో ఏమైనా దాచుకుని ఉంటే, చదవగలిగినంతలోనే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, వీటిని నాకు తిప్పి పంపండి. బదులు ఇస్తాను. పంపే ఖర్చు నాదే.

మొదట ఫిర్యాదు చేసిన ముగ్గురికీ నేను ఒకే మాట చెప్పాను: "డ్రైవ్ హెడ్ తుడుచుకోండి." ఒకాయన రెండుసార్లు తుడిచి, "మళ్లీ అదే ఎర్రరండీ, మీ డిస్కే ఒకసారి చూడండి" అన్నారు. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్న నాకు చెబుతారా అనుకున్నాను. ఆ డిస్క్ చేతికొచ్చాక మూల మీద గోరు తగిలి చిన్న నల్ల స్టిక్కర్ ఊడింది. కింద రంధ్రం.

అమిగా 500కి కావలసింది తక్కువ సమాచారం పట్టే డబుల్ డెన్సిటీ డిస్క్. దానికి ఆ వైపు రంధ్రం ఉండదు. అది ఎక్కువ పట్టే హై డెన్సిటీ డిస్క్ గుర్తు. అంటే నాకు సరఫరా చేసినాయన ఎవరో వాడి పారేసిన 1.44 ఎంబీ డిస్కులకు, ప్లాస్టిక్ రంగులో కలిసిపోయేలా స్టిక్కర్లు వేసి, బిల్లు మీద డబుల్ డెన్సిటీ అని రాశాడు. కూర్చుని డబ్బాలన్నీ విప్పాను. ఒక్కటీ అసలుది లేదు. ఫోన్ చేస్తే, "ఫార్మాట్ అవుతున్నాయిగా, ఇంకేం?" అన్నాడు.

అవుతాయి, అదే మోసం. హై డెన్సిటీ పూత మీద అమిగా డ్రైవ్ రాత గట్టిగా పడదు, పాత రాత కూడా పూర్తిగా చెరగదు. ఫార్మాట్ చేస్తే బుద్ధిగా 880 కేబీ చూపిస్తుంది, రాసింది సరిగా పడిందో లేదో చూసే వెరిఫై కూడా దాటుతుంది. కొన్ని వారాలు పోయాక ఏదో ఒక ట్రాక్ దగ్గర రీడ్ రైట్ ఎర్రర్. నేనూ ఆ వెరిఫై చూసే సంతృప్తి పడ్డాను. ఆ తప్పు మాత్రం నాది.

ఇకనుంచి ప్రతి డిస్క్‌నూ రాసి, రెండు వారాలు పక్కన పెట్టి, 160 ట్రాకులూ మళ్లీ చదివాకే పంపుతాను. ఆలస్యమవుతుంది, ఓర్చుకోండి.

ఫ్లాపీలు మానేసి, ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో బిగించి పెన్‌డ్రైవ్‌తో పని నడిపే యూఎస్‌బీ ఎమ్యులేటర్లే అమ్మమని ఇంట్లోవాళ్లు, స్నేహితులు నెల రోజులుగా పోరుతున్నారు. మూడు రాత్రులు నిద్ర లేదు. లెక్క ప్రకారం వాళ్లదే సరి. కొత్త డబుల్ డెన్సిటీ డిస్కులు ఎవరూ తయారు చేయడం లేదు, ఉన్న పాత సరుకు తరిగిపోతోంది. అయినా మానను. డిస్క్ లేని అమిగా డ్రైవ్ టిక్కు టిక్కుమంటూ డిస్క్ కోసం అడుగుతుంటే, దానికి పెన్‌డ్రైవ్ చూపించడం నా వల్ల కాదు. అడిగినవాళ్లకు ఎమ్యులేటర్ బిగించి ఇస్తాను. నేనుగా మాత్రం తీసుకోమని చెప్పను.

అమిగా 500 ప్లస్ ఉన్నవాళ్లకు ఒక మాట. కొన్ని పాత ఆటలు ఆడకపోవడానికి డిస్క్ కారణం కాదు. మీ మెషిన్‌లో ఉన్నది కిక్‌స్టార్ట్ (మెషిన్‌ని లేపే లోపలి సాఫ్ట్‌వేర్) 2.04, ఆ ఆటలు దాని పాత వెర్షన్ 1.3ని నమ్ముకుని రాసినవి. 1.3 రామ్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌తో చాలావరకు ఆడతాయి. కావాలంటే అడగండి, బదులు డిస్కులతో పాటు ఉచితంగా పంపుతాను.

డిస్కులు తిప్పి పంపేటప్పుడు ఆ స్టిక్కర్లు మాత్రం పీకకండి. వాటిని ఆ పెద్దమనిషి బల్ల మీద పరచాలి.