ఫిర్యాదు: స్టేజింగ్ సర్వర్‌కూ లైవ్ సర్వర్‌కూ పొంతన లేకపోవడం గురించి

గౌరవనీయులైన కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: స్టేజింగ్ సర్వర్‌లో సవ్యంగా నడిచే అప్లికేషన్ లైవ్ సర్వర్‌లో పదేపదే ఆగిపోవడం, ఆ తేడాలకు మీ సంస్థ బాధ్యత వహించకపోవడం.

విజయవాడలో మా అక్క, నేను కలిసి తెలుగు పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్ నడుపుతున్నాం. పుస్తకాలు సేకరించడం, ప్యాకింగ్, పోస్టు పనులు అక్క చూసుకుంటుంది. ప్రోగ్రామింగ్ అంతా నాది. మా ఇద్దరికీ ఇదే జీవనాధారం. ఇంతకన్నా తక్కువ ధరకు హోస్టింగ్ ఇచ్చే సంస్థలు ఉన్నా మీ బిజినెస్ ప్లాన్ తీసుకోవడానికి కారణం ఒక్కటే. పాఠకులు చూసే సైట్ ఉండే లైవ్ సర్వర్‌తో పాటు దానికి అచ్చమైన నకలుగా స్టేజింగ్ సర్వర్ ఇస్తామని, కొత్త మార్పులను ముందు అక్కడ పరీక్షించుకుని నిశ్చింతగా లైవ్‌లో పెట్టుకోవచ్చని మీ ప్లాన్ వివరాల్లో రాశారు. ఆ మాట నమ్మి డబ్బు కట్టాం. ఆ మాట నిజం కాదని ఇప్పుడు ఆధారాలతో సహా రాస్తున్నాను.

విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే జనవరి నెల మాకు చాలా ముఖ్యం. స్టాళ్ల దాకా రాలేని పాఠకులు ఆ రోజుల్లోనే ఆన్‌లైన్‌లో ఎక్కువగా కొంటారు. సరిగ్గా అప్పుడే నవలల విభాగం పేజీ తెరిస్తే తెల్లటి ఖాళీ పేజీ, సర్వర్‌లో ఏదో లోపం ఉందని చెప్పే 500 ఎర్రర్ రావడం మొదలైంది. మేము కోడ్‌లో ఏ మార్పూ చేయలేదు. అదే కోడ్ స్టేజింగ్‌లో ఏ ఆటంకమూ లేకుండా నడుస్తోంది. వెంటనే మీ సహాయ విభాగానికి రాశాం. వచ్చిన జవాబు: "మీ సైట్ తెరుచుకుంటోంది, సర్వర్ సక్రమంగా ఉంది, లోపం మీ కోడ్‌లోనే ఉండాలి." మీ ఉద్యోగి తెరిచి చూసింది హోమ్ పేజీ. మేము ఫిర్యాదు చేసింది నవలల పేజీ గురించి. ఆ పేజీ చిరునామా మా లేఖ మొదటి వాక్యంలోనే ఉంది.

ఖాళీ పేజీ స్క్రీన్‌షాట్ పంపమని తర్వాత అడిగారు. పంపాం. అందులో చూడటానికి ఏముంటుంది? లైవ్ సర్వర్‌లో ఎర్రర్ వివరాలు తెరమీద కనిపించకుండా ఉంచడం సరైన పనే. ఫైళ్ల దారులు, డేటాబేస్ వివరాలు బయటివాళ్లకు కనిపించకూడదు. కాని తెరమీద చూపనప్పుడు వాటిని ఎర్రర్ లాగ్ అనే రికార్డు ఫైలులో రాయాలి, ఆ లాగ్ చూసే హక్కు ఖాతాదారుకు ఉండాలి. స్టేజింగ్‌లో మాకు లాగ్ కనిపిస్తుంది. లైవ్‌లో కనిపించదు. అంటే ఎర్రర్లు రాని చోట లాగ్ ఇచ్చి, వచ్చే చోట దాచారు. అడిగిన ప్రతిసారీ మీ వాళ్లు నాలుగైదు లైన్లు కోసి మెయిల్ చేస్తారు, అవి కూడా వేరే సమయానివి.

చివరికి నేనే ఒక చిన్న ఫైలు రాసి రెండు సర్వర్లలోనూ పెట్టాను. అది మా సైట్ కోడ్ రాసిన భాష పీహెచ్‌పీ వెర్షన్, దానికి లోడైన ఎక్స్‌టెన్షన్ల (అదనపు భాగాల) జాబితా, అన్ని సెట్టింగుల విలువలు, డేటాబేస్ వెర్షన్, దాని మోడ్ (ఎంత కట్టుదిట్టంగా నడవాలన్న అమరిక), టైమ్ జోన్ వరుసగా రాసి ఇస్తుంది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి తేడాలు తీస్తే పేజీలకు పేజీలు వచ్చాయి. లైవ్ సర్వర్ పేరు కూడా మునుపటిది కాదు, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కూడా వేరు. మమ్మల్ని మరో మెషీన్‌కు తరలించారన్నమాట. ముందుగా ఒక్క మెయిల్ లేదు, తర్వాత కూడా లేదు. ఆ ఫలితాలు రెండూ, మా ఖాతా వివరాలు, టికెట్ల సంఖ్యలు ఈ లేఖకు జతచేశాను.

నవలల పేజీ ఎందుకు ఆగిపోయిందో అందులోనే తేలింది. పీహెచ్‌పీలో ఇంటల్ అనే ఎక్స్‌టెన్షన్ స్టేజింగ్‌లో ఉంది, కొత్త లైవ్ మెషీన్‌లో లేదు. తెలుగు సైట్‌కు అది ఎంత అవసరమో మీకు తెలియాలి. "తెలుగు" అన్న మాట చదివేవాళ్లకు మూడు అక్షరాలు. ప్రతి గుర్తుకూ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో అవి 6 సంకేతాలు, ఎందుకంటే త, ల, గ మూడింటికీ గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి. వాటిని నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. పొడవైన పుస్తకం పేరును జాబితాలో కుదించి చూపాలంటే గుణింతం మధ్యలో తెగకుండా అక్షరాల లెక్కన కోయాలి. ఇంటల్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్లు చేసే పని అదే. ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఆ ఫంక్షనే లేదంటూ పీహెచ్‌పీ అక్కడికక్కడే ఆగిపోతుంది. మా కోడ్ ఈ ఫంక్షన్‌ను పొడవైన పేర్లకు మాత్రమే పిలుస్తుంది. అందుకే చిన్న పేర్లున్న పేజీలు తెరుచుకున్నాయి, పొడవైన పేర్లున్న పేజీలు కూలిపోయాయి. హోమ్ పేజీ చూసి అంతా బాగుందన్న మీ ఉద్యోగికి ఈ తేడా తెలిసే అవకాశమే లేకపోయింది.

ఇది వివరించి రాస్తే మీ వాళ్లు ఇచ్చిన సలహా నన్ను ఎక్కువగా బాధించింది. ఇంటల్ ఎందుకు, పీహెచ్‌పీలో మాటను కోసే మామూలు ఫంక్షన్ సబ్‌స్ట్ర్ వాడుకోమన్నారు. అది బైట్ల లెక్కన కోస్తుంది. ఖాళీలు లేని తెలుగు మాటను 20 బైట్ల దగ్గర కోస్తే 6 సంకేతాలు పూర్తిగా వచ్చి, ఏడో దానిలో 2 బైట్లు మాత్రమే మిగులుతాయి. ఆ విరిగిన ముక్క తెరమీద ప్రశ్నార్థకపు గుర్తుగా కనిపిస్తుంది. అంతటితో ఆగదు. అదే ముక్కను మొబైల్ పేజీకి డేటా పంపే జేసన్ రూపంలోకి మార్చబోతే చెల్లని యూటీఎఫ్-8 అంటూ మొత్తం జాబితా మార్పిడి విఫలమవుతుంది, మా మొబైల్ పేజీకి ఒక్క పుస్తకం కూడా చేరదు. ఇంగ్లీషు అక్షరానికి ఒకే బైటు కాబట్టి ఇంగ్లీషు సైట్‌లో ఈ సలహా పనిచేసినట్టే కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో వ్యాపారం చేసుకునే సంస్థ, తెలుగులో ప్రకటనలు ఇచ్చే సంస్థ, తెలుగు అక్షరం ఎలా నిల్వ ఉంటుందో తెలియని సలహా ఇవ్వడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఇక డేటాబేస్. స్టేజింగ్‌లో ఉన్నది మరియాడీబీ, లైవ్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 8.0. మీరు ఇచ్చిన నియంత్రణ ప్యానెల్‌లో రెండు చోట్లా "మైఎస్‌క్యూఎల్" అనే కనిపిస్తుంది. ఈ రెండింటి మూలం ఒకటే అయినా ఇప్పుడు దారులు వేరు. మైఎస్‌క్యూఎల్ 5.7.5 నుంచి వరుసలను గుంపులుగా కలిపే ప్రశ్నల్లో (క్వెరీల్లో) స్పష్టంగా తేల్చని కాలమ్‌లను అనుమతించని ఓన్లీ ఫుల్ గ్రూప్ బై అనే కట్టుబాటు డిఫాల్ట్‌గా అమల్లో ఉంటుంది. మరియాడీబీలో అది డిఫాల్ట్‌గా ఉండదు. దాంతో మా అమ్మకాల నివేదిక క్వెరీ స్టేజింగ్‌లో నడిచి, లైవ్‌లో 1055 ఎర్రర్ ఇచ్చింది. క్వెరీని మార్చుకోవడం పెద్ద పని కాదు, మార్చుకున్నాం కూడా. కాని అలాంటివి ముందే పట్టుకోవడానికే కదా స్టేజింగ్! ఎదురుదిశలోనూ ఇంతే. లైవ్ డేటాను బ్యాకప్ తీసి స్టేజింగ్‌లో ఎక్కించబోతే 0900 కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుసపెట్టే నియమాలు) ఏమిటో తనకు తెలియదని 1273 ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. అంటే లైవ్‌లో వచ్చిన సమస్యను స్టేజింగ్‌లో మళ్లీ రప్పించి చూసే దారి కూడా మూసుకుపోయింది. ఒకరి కొలతలు తీసుకుని మరొకరికి చొక్కా కుట్టినట్టుంది ఈ ఏర్పాటు.

తారీఖుల విషయం మరీ తీవ్రమైనది. స్టేజింగ్ గడియారం భారత కాలమానంలో ఉంది. పాత లైవ్ సర్వర్ కూడా అలాగే ఉండేది. మీరు తరలించిన కొత్త మెషీన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలమానంలో) ఉంది, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనుక. అమెరికాలో ఉంటూ ఇక్కడి తల్లిదండ్రులకు పుస్తకాలు పంపించేవాళ్లు మా పాఠకుల్లో ఎందరో ఉన్నారు. వాళ్ల పగలు మన అర్ధరాత్రి. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 వరకు వచ్చిన ప్రతి ఆర్డరూ డేటాబేస్‌లో ముందు రోజు తేదీతో నమోదైంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున వచ్చిన ఆర్డర్ల బిల్లులు మార్చి 31 తేదీతో, ముగిసిపోయిన ఆర్థిక సంవత్సరపు సంఖ్యలతో తయారయ్యాయి. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు సంఖ్యలు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుసగా, ప్రత్యేకంగా ఉండాలి. ఆ బిల్లులన్నిటినీ అక్క కూర్చుని ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది, కొనుగోలుదారులకు మళ్లీ పంపాల్సి వచ్చింది.

టైమ్ జోన్‌ను మీరే సెట్ చేసుకోండని మీ జవాబు. డేటాబేస్ కనెక్షన్‌లో ఏషియా/కోల్‌కతా అని రాస్తే స్టేజింగ్ ఒప్పుకుంది. లైవ్ మాత్రం ఆ పేరు తనకు తెలియదని 1298 ఎర్రర్ ఇచ్చింది. సర్వర్ నిర్వాహకులు టైమ్ జోన్ పట్టికలను డేటాబేస్‌లో లోడ్ చేస్తేనే ఆ పేర్లు పనిచేస్తాయి. అది చేయగలిగేది మీరు, మేము కాదు. ప్రస్తుతానికి +05:30 అని అంకెల్లో రాసి నెట్టుకొస్తున్నాం. మా రోజువారీ స్టాకు లెక్క నడిపే, నిర్ణీత వేళకు తనంతట తానే మొదలయ్యే క్రాన్ జాబ్ మాత్రం ఇప్పటికీ మీ గడియారం ప్రకారమే మొదలవుతోంది.

ఆ క్రాన్ జాబ్‌కు మరో జబ్బు కూడా ఉంది. ప్యానెల్‌లో పీహెచ్‌పీ 8.2 అని చూపిస్తారు, వెబ్ పేజీలు దానిమీదే నడుస్తాయి. క్రాన్ వాడే కమాండ్‌లైన్ పీహెచ్‌పీ 7.4. దానికి భద్రతా సవరణలు 2022 నవంబర్ 28తోనే ఆగిపోయాయి. పీహెచ్‌పీ 8.0లో వచ్చిన మ్యాచ్ అనే కొత్త రాత పద్ధతి మా కోడ్‌లో కనబడగానే అది సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పుస్తకాల అట్టల ఫొటోల అప్‌లోడ్ కూడా ఇలాగే. ప్యానెల్‌లో పరిమితి 64 ఎంబీ అని ఉంటుంది. లైవ్ ముందు మీరు నిలబెట్టిన, అభ్యర్థనలను ముందుగా అందుకునే ఎంజిన్‌ఎక్స్ సర్వర్ మాత్రం 1 ఎంబీ దాటితే 413 ఎర్రర్‌తో వెనక్కి పంపుతోంది. డిఫాల్ట్ విలువను ఎవరూ మార్చలేదు. అభ్యర్థన పీహెచ్‌పీ దాకా రానే రాదు కాబట్టి పీహెచ్‌పీ లాగ్‌లో దాని జాడ ఉండదు. స్టేజింగ్ ముందు ఎంజిన్‌ఎక్స్ లేనే లేదు.

వీటిలో ఏ ఒక్కటీ ప్రపంచంలో ఎవరికీ తెలియని వింత సమస్య కాదు. రెండు సర్వర్ల మధ్య తేడా వస్తే వెర్షన్లు, ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు పోల్చి చూడటం హోస్టింగ్ పనిలో ఓనమాలు. ఫిర్యాదు అందిన రోజే మీ వాళ్లు ఆ పోలిక చేసి ఉంటే పుస్తక మహోత్సవం రోజుల్లో మా ఆర్డర్లు పోయేవి కావు. నకలు కాని దాన్ని నకలు అని ఇవ్వడం వల్ల, అసలు స్టేజింగ్ లేనివాళ్ల కంటే మాకే ఎక్కువ నష్టం జరిగింది. లేనివాళ్లు లైవ్‌లో ఏదైనా పెట్టేముందు జాగ్రత్త పడతారు. మేము పరీక్షలన్నీ నెగ్గాయన్న ధైర్యంతో పెట్టాం. ఆ ధైర్యాన్ని మాకు అమ్మింది మీరు.

పాత లాగ్‌లు పంపమని అడిగితే ఏడు రోజులు దాటినవి చెరిపేస్తామని మీ వాళ్లు రాతపూర్వకంగా చెప్పారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవా సంస్థలు, డేటా సెంటర్లు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. ఈ జవాబు మీ సంస్థ అధికారిక విధానమా, లేక ఆ ఉద్యోగి తెలియక రాసిన మాటా అన్నది నాకు స్పష్టంగా తెలియజేయండి.

మేము కోరుతున్నవి ఇవి. ఇంటల్ ఎక్స్‌టెన్షన్, టైమ్ జోన్ పట్టికలు లైవ్ సర్వర్‌లో వెంటనే ఉండాలి, క్రాన్ కూడా 8.2 మీదే నడవాలి. స్టేజింగ్‌లోని డేటాబేస్‌ను లైవ్‌లో ఉన్న వెర్షన్‌కే, అవే మోడ్‌లకు మార్చాలి, స్టేజింగ్ ముందు కూడా ఎంజిన్‌ఎక్స్ నిలబెట్టాలి. లైవ్ ఎర్రర్ లాగ్‌ను ప్యానెల్ నుంచే మేము చదువుకోగలగాలి. మెషీన్ మార్చబోతున్నా, వెర్షన్ పెంచబోతున్నా కనీసం రెండు వారాల ముందు తెలియజేసి, ఆ మార్పును ముందుగా స్టేజింగ్‌లో చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ చివరిదాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి, ఎందుకంటే మిగిలినవన్నీ ఈరోజు సరిచేసినా రేపు మళ్లీ చెప్పకుండా మెషీన్ మారిస్తే మేము మళ్లీ ఇక్కడికే వస్తాం. జనవరి నుంచి ఇప్పటి వరకు మేము కట్టిన ప్లాన్ రుసుమును తిరిగి చెల్లించాలని కూడా కోరుతున్నాం. ఇస్తామన్న సేవ ఇవ్వని కాలానికి ఆ రుసుము మీకు చెందదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో సాంకేతిక విషయాలు తెలిసిన బాధ్యుల నుంచి, వారి పేరు, హోదాలతో జవాబు కోరుతున్నాను. "లోపం మీ కోడ్‌లోనే ఉండాలి" అన్న జవాబే మళ్లీ వస్తే, ఏ ఫైలులో ఏ లైనులో ఉందో చూపించమని కోరతాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, తర్వాత వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ కాబట్టి మాకు ఆ హక్కు లేదని మీరు అనవచ్చు. స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం తీసుకున్న సేవను వ్యాపార ప్రయోజనంగా చూడకూడదన్నది మా వాదన. మాది అక్షరాలా అదే పరిస్థితి.

మా సైట్‌ను వేరే హోస్టింగ్‌కు మార్చుకోవడం సాధ్యమే. కాని ప్లాన్ గడువు ఇంకా మిగిలి ఉంది, మాట ఇచ్చింది మీరు. ముందు దాన్ని నిలబెట్టుకోండి.

ఇట్లు,
భవదీయురాలు,
సైట్ నిర్వాహకురాలు, విజయవాడ